ముహూర్తం దాకా ఆగని బుట్ట

హనోకుకు ఆగడం చేతకాదు. ఈ మాట అందరికంటే ముందు చెప్పింది వాళ్ళమ్మ శారమ్మ. మంత్రసాని గడప దాటేలోపే పుట్టేశాడనీ, అది మొదలు ఇప్పటిదాకా వాడు దేనికోసమూ ఆగింది లేదనీ చర్చి మెట్ల మీద ఎవరు పలకరించినా చెబుతుంది. కూర్చుంటే అతని మోకాలు ఊగుతుంది. మోకాలితో పాటు బల్ల, బల్లతో పాటు కంప్యూటరు తెర. ఎక్కడ వెనకబడిపోతానో అని గోడ గడియారాన్నీ, చేతి గడియారాన్నీ, కంప్యూటరు మూలనుండే గడియారాన్నీ పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకున్నాడు. పెట్టింది తనే అయినా కొన్నాళ్ళకు ఆ సంగతి మరిచిపోయి, వాటిని చూసి తనే కంగారు పడుతుంటాడు. అలాంటి మనిషితో కాపురం చేసే ఇల్లాలికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలి.

ఇది రెండువేల తొమ్మిది నాటి మాట. నిజామాబాదులో ఒక విత్తనాల దుకాణం పైన చిన్న గది అతని ఆఫీసు. అందులో రెండు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడు కుయ్యిమని అరిచే ఒక యూపీఎస్, హనోకు, గంగమణి. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదిలి వచ్చి, ఇక్కడే కూర్చుని ఇంటర్నెట్టులో కొట్లు కట్టిస్తానని హనోకు ఊరంతా చెప్పుకున్నాడు. ఇన్నాళ్ళలో కట్టింది ఒక్కటే కొట్టు. అది జగ్గారావుది.

జగ్గారావు బోధన్ దగ్గర కాలువ కింద చెరుకు పండించే రైతు. వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. మూడు తరాలు గడిచినా ఆ ఇంట్లో మాట మాత్రం అటువైపుదే. చెరుకు ధర ఈ ఏడు ఉన్నట్టు వచ్చే ఏడు ఉండదని విసుగెత్తి, సొంతంగా బెల్లం వండించడం మొదలుపెట్టాడు. దానికి తోడు మోర్తాడ్ రైతుల దగ్గర మేలైన పసుపు కొమ్ములు కొని, రెంటినీ కలిపి ‘మంజీర బుట్ట’ అనే పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టాడు. పూణెలో, బెంగుళూరులో, ముంబయిలో ఉండే మనవాళ్ళు బొమ్మ చూసి, బుట్టలో వేసుకుని, ‘పంపండి’ అని ఉన్న మీట నొక్కితే చాలు. జగ్గారావు కోడలు రాధాకుమారి పార్సిలు కట్టి వీపీపీలో పంపుతుంది. డబ్బు వాళ్ళ ఊరి పోస్టాఫీసులో కట్టి విడిపించుకుంటారు.

అంతా బాగానే ఉంది కానీ ఆ ఆఖరి మీటే ఎవరూ నొక్కడం లేదు. వస్తున్నారు, కొమ్ములు చూస్తున్నారు, బుట్ట నింపుతున్నారు, ఆ బుట్టను అక్కడే వదిలేసి పోతున్నారు. దుకాణానికి వచ్చి బేరమాడి, మూట కట్టించుకుని, తీరా మూట గల్లా దగ్గర పెట్టేసి వెళ్ళిపోయినట్టు. ఒకరిద్దరైతే సరే, పదిమందిలో ఎనిమిది మంది ఇదే వరస.

సంక్రాంతి వెళ్ళిన వారం జగ్గారావు మెట్లెక్కి వచ్చాడు.

“చూడు నాయనా, మాఘం వస్తోంది. పసుపు అమ్ముడుపోయేదే ఈ పెళ్ళిళ్ళప్పుడు. ఈ సీజన్లో కూడా జనం చూసి పోయేటట్టయితే ఇక ఈ కొట్టు నాకొద్దు. మూసేద్దాం. నీ మీద కోపం లేదయ్యా, నాకు ఓపిక లేదు.”

“ఒక్క నెల రోజులియ్యండి సార్,” అన్నాడు హనోకు.

“నెల కాకపోతే మాఘం అంతా తీసుకో. ముందు ఆ కాలు ఊపడం ఆపు, కళ్ళు తిరుగుతున్నాయి.”

ఆ కొట్టు మూతపడితే గది ఖాళీ చెయ్యాలి. గంగమణిని ఇంటికి పంపాలి. మళ్ళీ హైదరాబాదు వెళ్ళి, వదిలేసిన ఆఫీసు మెట్లే ఎక్కి, వదిలేసిన మనుషుల ముందే చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ ఊహకే హనోకుకు అన్నం సయించడం మానేసింది.

ఇక అతను సైటు మీద పడ్డాడు. మీట ఆకుపచ్చగా ఉంటే కనబడదని నారింజ రంగు వేశాడు, మర్నాటికి అది కూడా నచ్చక ఎరుపు చేశాడు. కొమ్ముల బొమ్మలు పెద్దవి చేశాడు. చిరునామా రాసే పేజీని సగానికి కోశాడు. కొనకుండా నానబెట్టేవాళ్ళ మీద చిర్రెత్తి, పావుగంట సేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే బుట్ట దానంతటదే ఖాళీ అయ్యేట్టు రాశాడు. అలాంటి ఏర్పాటు ఒక బ్యాంకు సైటులో చూసి ముచ్చటపడ్డాడు లెండి. పావుగంటలో పసుపు కొనలేనివాడు జన్మలో కొనడని అతని నమ్మకం.

ఒకటి దిద్దితే ఇంకొకటి చెడేది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో నొక్కి చూడడం గంగమణి పని. నవీపేట నుంచి బస్సులో వచ్చే ఆ అమ్మాయి డిగ్రీ చదివింది, నిదానస్తురాలు. ఒక్కో పేజీ తీరిగ్గా చదివి, ఒక్కో మీటా నొక్కి, మధ్యలో చాయ్ తాగి వచ్చి, మళ్ళీ నొక్కేది. ఆ నిదానం చూస్తుంటే హనోకుకు అరికాలి మంట నెత్తికెక్కేది.

“అన్నా, నేను చాయ్ తాగొచ్చేసరికి బుట్ట ఖాళైంది,” అందొకరోజు.

“చాయ్ జల్దీ తాగు.”

“నాకు వేడి చాయే కావాలె గదన్నా.”

“గట్లయితే చల్లారినంక బుట్ట నింపుకో,” అని తన పని తను చూసుకున్నాడు.

మనిషి చేత నొక్కించడం ఇక లాభం లేదనుకున్నాడు. మీటలన్నీ తనంతట తానే నొక్కి, ఎక్కడ చెడిందో చెప్పే టూలు కావాలి. హైదరాబాదు నుంచి ఒకాయన ఒకటి పట్టుకొచ్చి చూపించాడు. ఖరీదైన సరుకు. రంగురంగుల రిపోర్టులు ఇస్తుంది, కానీ దానికి ప్రత్యేకంగా పెద్ద కంప్యూటరు కావాలి, దాని భాష విడిగా నేర్చుకోవాలి. ఇంకొకటి ఉచితంగా దొరికేది. బ్రౌజరు మూలన కూర్చుని, మనం ఒకసారి చేసింది చూసి నేర్చుకుని, ఎన్నిసార్లంటే అన్నిసార్లు అదే చేస్తుంది. నేర్చుకున్నదంతా వరసగా రాసి పెడుతుంది కాబట్టి, మీట చోటు మారితే ఆ వాక్యం ఒక్కటి మనమే దిద్దుకోవచ్చు. హైదరాబాదు ఆయన పెద్దమనిషి, పోతూ పోతూ ఒక మాటన్నాడు: “ఏ టూలైనా సరే, ముందు మీ కస్టమర్లు ఎలా కొంటారో పక్కన కూర్చుని చూడండి సార్. అదే దానికి నేర్పాలి.”

హనోకు తల ఊపాడు కానీ ఆ మాట చెవిన పెట్టలేదు. ఉచితమైనదాన్నే ఎంచుకున్నాడు. దిద్దుకోవడం సులువని జగ్గారావుకు చెప్పాడు, అది నిజమే. అసలు నిజం మాత్రం అది తనకన్నా వేగంగా నొక్కుతుందని. తను కొన్నట్టే దానికి కొనడం నేర్పాడు. పేజీ తెరుచుకోవడం, కొమ్ములు బుట్టలో పడడం, చిరునామా నిండడం, ‘పంపండి’ నొక్కడం అన్నీ గుక్క తిప్పుకోకుండా అయిపోయేవి. చివర్లో పచ్చని గీతలు వరసగా వచ్చేవి. పచ్చ అంటే అన్నీ బాగున్నాయని. హనోకుకు ఆ పచ్చదనం చూస్తుంటే కడుపు నిండిపోయేది.

“గిదే అన్ని నొక్కితే నేనేం జెయ్యాలన్నా?” అడిగింది గంగమణి.

హనోకు టూలును ఇంకోసారి పరిగెత్తించాడు.

మాఘం వచ్చింది. తెర నిండా పచ్చ గీతలు, ఆర్డర్లు మాత్రం పూజ్యం. పైగా వదిలేసిన బుట్టలు ఇంకా పెరిగాయి. చిత్రమేమిటంటే, పొద్దున నింపి వదిలేసినవాళ్ళే మధ్యాహ్నమో మర్నాడో మళ్ళీ వచ్చి, ఒక్క క్షణం చూసి, వెళ్ళిపోతున్నారు. ఆ తర్వాత ఇటు తొంగి కూడా చూడడం లేదు.

“పరేషాన్ జేస్తున్నరు. తమాషా సూసిపోతున్నరు,” అని హనోకు గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

“చిరునామా పేజీల కొందరు ఫోన్ నంబర్లు రాసిపోయిన్రు గదన్నా. ఒక్కరినన్న అడుగు,” అంది గంగమణి.

“ఏమని అడగాలె? మా పసుపు ఎందుకు కొంటలేరమ్మా అని అడుక్కోవాల్నా?”

“ఆఁ, గట్లనే అడుగు.”

వేరే దారి లేక ఆ సోమవారం ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది పూణెలో ఉండే సుమిత్రమ్మ. పుట్టిల్లు ఆర్మూరు పక్కన. మంజీర బుట్ట అనే మాట వినబడగానే ఆవిడ అందుకుంది.

“మీరేనా? మీకోసమే సూస్తున్న. నా బిడ్డ పెండ్లి వెట్టుకున్నం. పెండ్లి పనులల్ల మొదలు కొనేది పసుపు. మంచి గడియ సూసి కొంటరు, గది గూడ ఎర్కలేదా మీకు? మన దిక్కు కొమ్ములే కావాలని, మా పోరడు పొద్దుగాలనే కంపూటర్ల అన్నీ బుట్టల ఏసి పెట్టిండు. గడియ రాంగనే నొక్కుదామని కూసున్నం. ఐదుగురు ముత్తైదువలను పిలిస్తి. కంపూటర్‌కు బొట్టు వెట్టినం. మా ఇంటాయన గడియారం దిక్కు సూసుకుంట కూసున్నడు. గడియ అచ్చింది, పిల్లతోని మీట నొక్కిపిస్తిమి. ఏం సూపెట్టింది? ‘మీ బుట్ట ఖాళీగా ఉంది’ అని! పెండ్లి పని మొదలు వెట్టంగనే ఖాళీ బుట్ట సూపెడ్తరా? నా బిడ్డ ఏడ్సింది. మా అత్త రెండొద్దులు అన్నం ముట్టలే!”

 హనోకు మోకాలు ఊగడం ఆగిపోయింది.

“అమ్మా, తప్పు మాదే. నేను సరిజేస్త. మళ్ళొక్కసారి నింపుకోండ్రి...”

“గురువారం ఇంకో గడియ సెప్పిండు మా పంతులు. గా పొద్దు ఈడ బజార్లనే కొంటం. మీది నాకద్దు,” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

హనోకు బల్ల మీద తల వాల్చాడు. పావుగంట. ఆ పావుగంట పెట్టింది ఎవరో కాదు, తనే. సంక్రాంతి నాడు బుట్టలు వదిలి పోయినవాళ్ళు కూడా మాఘం ముహూర్తం కోసమే ఆగి ఉంటారని ఇప్పుడు తట్టింది. తనలాగే ఒక్క ఊపున కొనే మనుషులే లోకమంతా ఉన్నారనుకున్నాడు. టూలుకు కూడా తన ఆత్రమే నేర్పాడు. అది పావుగంట కాదు కదా, పావు నిమిషం కూడా ఎక్కడా ఆగలేదు కాబట్టి ఖాళీ బుట్ట దానికి ఏనాడూ ఎదురుపడలేదు. ఎన్ని ఇళ్ళలో ఎందరు ఆడపిల్లలు ఆ ఖాళీ బుట్ట చూశారో తలచుకుంటే అతనికి సిగ్గేసింది.

“నీకు ఎర్కలేదా గంగమణీ? మీ ఇండ్లల్ల గూడ గడియ సూసే కొంటరు గద.”

“ఎందుకెర్కలే? మా అక్క పెండ్లికి మా బాపు దుకాణం ముంగట గంట సేపు నిలబడ్డడు, గడియ రావాలని. గని కంపూటర్ల గూడ గడియ సూస్తరని నాకేమెర్కన్నా!”

ఆ పూటే హనోకు పావుగంట నియమాన్ని పీకి పారేశాడు. నింపిన బుట్ట నింపినట్టే వారమైనా ఉండేట్టు మార్చాడు. మొదటి పేజీలో ఒక వాక్యం కూడా పెట్టాడు: ‘ఇప్పుడే బుట్ట నింపుకోండి, మీ ముహూర్తానికే నొక్కండి.’ ఆలోచన బాగుంది, కానీ అది నిజంగా నిలుస్తుందో లేదో పరీక్షించాలి కదా? అందుకు టూలు ఆగాలి. బుట్ట నింపాక చాలాసేపు ఊరికే ఉండి, ఆ తర్వాత నొక్కమని దానికి రాసి ఇచ్చాడు.

అది బుద్ధిగా ఆగింది. ఆగనిది హనోకు. తెర కదలకపోయేసరికి టూలు బిగుసుకుపోయిందేమోనని అనుమానం వచ్చి ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆపేశాడు. పక్కన లేకుంటే నయమని కింద విత్తనాల దుకాణానికి వెళ్ళాడు. మొక్కజొన్న సంచుల మీద ఒక నిమిషం కూర్చుని, పైకి పరిగెత్తుకొచ్చి, మళ్ళీ ఆపేశాడు. ప్రతిసారీ ఎర్ర గీతే.

“దాని తప్పు గాదన్నా. నువ్వే ఆగనిస్తలేవు,” అంది గంగమణి. తన కంప్యూటరులో తనే ఒక బుట్ట నింపుకుంది, తెర ఆర్పి, బ్యాగు తగిలించుకుని, నవీపేట బస్సెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి, నింపాదిగా చాయ్ తాగి, మీట నొక్కింది. ఆర్డరు పడింది. హనోకు నమ్మీ నమ్మనట్టు చూశాడు. ఒక్క బుట్ట నిలిచినంత మాత్రాన అన్నీ నిలుస్తాయా?

గురువారం జగ్గారావు తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. “ఇవాళ పదకొండున్నరకు మంచి లగ్నం అట కదా. మా ఊళ్ళోనే మూడిళ్ళల్లో పసుపు కొడుతున్నారు. ఇవాళ కూడా ఏమీ రాకపోతే ఇక రానట్టే. తాడో పేడో తేలిపోతుంది, నేనే చూసి పోతా.”

తెర మీద నిండిన బుట్టలు వరసగా కూర్చుని ఉన్నాయి. నొక్కేదాకా ఆ వరసలో పేర్లు కనబడవు కాబట్టి ఎవరివో తెలియదు. ఆర్డరు పడితే గంట మోగేట్టు హనోకు ఏర్పాటు చేశాడు. గోడ గడియారంలో పదకొండున్నర అయింది. గంట మోగలేదు. ఇంకో నిమిషం గడిచింది. జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. ఇంకో రెండు నిమిషాలు. హనోకు మోకాలు ఊగి ఊగి, బల్ల మీద చాయ్ గ్లాసు పక్కకు జరిగింది.

“కొత్తదే చెడింది,” అని గొణిగాడు. “అందరు నొక్కుతున్నరు, మీటే పనిజేస్తలేదు. పాతది మళ్ళ వెడ్త. గదన్న పంపుతుండె.”

పాత సైటు మళ్ళీ పెడితే ఇప్పుడున్న బుట్టలన్నీ ఖాళీ అవుతాయి. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఆ క్షణాన ఏదో ఒకటి చేస్తే తప్ప ఊపిరాడేట్టు లేదు. గబగబా పాత ఫైళ్ళు తెరిచాడు. ‘నిజంగానే మార్చాలా?’ అని కంప్యూటరు అడిగింది. అవును అని నొక్కడానికి మౌస్ మీద చెయ్యి వేశాడు.

ఎప్పుడూ గొంతు ఎత్తని గంగమణి కేక పెట్టింది. “అన్నా! చెయ్యి తియ్యి!” మౌస్‌ను అతని చేతి కింది నుంచి లాగేసుకుంది. “నీ గడియారం ముందున్నది. నువ్వే గద తిప్పి పెట్టుకున్నవు! ఇగో సూడు.” తన సెల్‌ఫోను అతని కళ్ళ ముందు పెట్టింది. పదకొండున్నరకు ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయి. “జర సబర్ పట్టన్నా.”

హనోకు సెల్‌ఫోను వైపు, గోడ గడియారం వైపు మార్చి మార్చి చూశాడు. ఇంకొక్క నొక్కు నొక్కి ఉంటే, మంచి గడియ కోసం కాచుకుని కూర్చున్న ఇన్ని ఇళ్ళలో మళ్ళీ ఖాళీ బుట్టే కనబడేది, అదీ తన చేతులారా. కుర్చీ వెనక్కి జరుపుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ నిమిషాలు ఎలా గడిచాయో ఆ యేసయ్యకే తెలియాలి.  కింద దుకాణంలో ఎవరో సంచి తూకం వేస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

గంట మోగింది. అందరూ తెర మీదికి వంగారు. ఇంటిపేరు చూస్తే వరంగల్లు వాళ్ళెవరో, చిరునామా బెంగుళూరు. ఆ పేరు చదివేలోపే ఇంకో గంట, దాని వెంటనే మరొకటి. తర్వాత చదవడానికి తీరిక లేకుండా మోగాయి. యూపీఎస్ కూడా కుయ్యిమంది, కరెంటు పోయినట్టుంది, దాని గోల ఎవరికీ పట్టలేదు. గంగమణి పేర్లు పైకి చదువుతోంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

“అన్నా, పూణె. సుమిత్రమ్మ!”

ఆర్డరు కింద ఏదైనా చెప్పదలిస్తే రాసుకునే చోట, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో, కొడుకు చేత రాయించినట్టుంది, రెండు ముక్కలున్నాయి: ‘సోమవారమే నింపి పెట్టినం. బుట్ట నిండుగనే ఉన్నది. ముత్తైదువలు పాట అందుకున్నరు.’

హనోకు కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోవాలని కూడా చూడలేదు. మీది నాకొద్దన్న మనిషి, అదే రోజు మళ్ళీ బుట్ట నింపి, మూడు రోజులు ఆగి, అతన్ని నమ్మింది. అతనేమో ఆ కొన్ని నిమిషాలు ఆగలేకపోయాడు.

జగ్గారావు అప్పటికే ఇంటికి ఫోను కలిపాడు. “అమ్మా రాధా, కొమ్ములు విరగకుండా కట్టించమ్మా. అన్నీ పెళ్ళి పసుపులే. ఆఁ, చాలా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. మన పాలేరు రమణని కూడా సాయానికి పిలువు.” ఫోను జేబులో పెట్టుకుని హనోకు వైపు తిరిగాడు. మూసేసే మాట ఎత్తలేదు. “మళ్ళీ మంచి లగ్నం ఎప్పుడయ్యా?” అన్నాడు.

గోడకు చర్చి వాళ్ళ కేలండరు ఒక్కటే ఉంది, దానిలో లగ్నాలు ఉండవు. “ఆదివారం ఉన్నదంట. మా అవ్వ సెప్పింది,” అంది గంగమణి. “రేపు పంచాంగం తెస్త.”

“తే. ఈ గోడకే తగిలిద్దాం,” అన్నాడు హనోకు. గంగమణి వైపు తిరిగి, “నీ పనేందని అడిగినవు గద? నొక్కుడు దాని పని. ఆగుడు నీ పని. నాతోటి కాదు, దానితోటి కాదు,” అన్నాడు.

“ఆగినందుకు గూడ జీతమిస్తవా?”

“ఎక్కువిస్త.”

జగ్గారావు పెద్దగా నవ్వి, మెట్లు దిగి వెళ్ళాడు. హనోకు కుర్చీ ఎక్కి గోడ గడియారాన్ని దించి, ముల్లు పది నిమిషాలు వెనక్కి తిప్పి, మళ్ళీ తగిలించాడు. చేతి గడియారాన్ని మాత్రం ముట్టుకోలేదు.